పేషెంట్ తాలూకు ఎవరు?

నెల్లూరు రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో మాకొక మెడికల్ షాపు ఉంది. పొద్దున పూట మా ఆయన కూర్చుంటారు. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి షట్టర్ దించేదాకా నేను. పందొమ్మిదేళ్లుగా ఇదే పని. స్టేషన్ పిల్లలు నన్ను 'మందులక్కా' అని పిలుస్తారు.

'స్టేషన్ పిల్లలు' అనేది మా వీధిలో అందరూ అనే మాట. ఇల్లు లేనివాళ్లు, ఇల్లుండీ అక్కడ ఉండలేక వచ్చేసినవాళ్లు. ప్లాట్‌ఫారం చివర, ఫ్లైఓవర్ కింద, బస్టాండు బెంచీల మీద పడుకుంటారు. మద్రాసు–విజయవాడ లైను మీదున్న ఊరు కదా, ఈ వారం చూసిన మొహం వచ్చే వారం ఉండదు. గూడూరులో ఉన్నాడని ఒకడంటాడు, కాదు ఒంగోలులో చూశానని ఇంకొకడు. వాళ్ల బువ్వంతా ఆ రైళ్లలోనే. బోగీలో చొక్కాతో నేల తుడిచి చేయి చాపుతారు, ఖాళీ నీళ్ల సీసాలు ఏరి పాత సామాన్ల కొట్టులో వేస్తారు. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర పట్టాలు దెబ్బతిని రైళ్లు ఆగిపోయినప్పుడు అందరం ప్రయాణాల గురించి టెన్షన్ పడ్డాం. మూడో రోజు ఇద్దరు పిల్లలు షాపు ముందు నిలబడి గ్లూకోజ్ పొట్లం వైపు చూస్తుంటే గానీ నాకు అర్థం కాలేదు, రైలు రాకపోతే వాళ్లకు అన్నం రాదని.

నా దగ్గరకు వాళ్లు జ్వరానికి రారు. జ్వరమొస్తే ముడుచుకుని పడుకుంటారు, తగ్గితే లేస్తారు. కాలికి దెబ్బ తగిలితేనే వస్తారు. నడవలేకపోతే ఆ పూట తిండి లేదు. సీసా పెంకు దిగిన పాదాలు, గోతాం మోసి ఒరుసుకుపోయిన భుజాలు, వేళ్ల సందుల్లో గజ్జి, ఇవే నేను ఎక్కువగా చూసేవి. చెప్పులు కొనిచ్చిన రోజులున్నాయి. మర్నాటికి ఉండవు, పెద్ద పిల్లలు లాక్కుంటారు.

ఆడపిల్లలు తక్కువగా కనిపిస్తారు. తక్కువ ఉన్నారని కాదు. ఒంటరిగా వచ్చిన ఆడపిల్ల ఆ ప్లాట్‌ఫారం మీద రెండు రాత్రులు కూడా ఎవరి కంటా పడకుండా ఉండలేదు, అందుకని. నాకు తెలిసిన ఒక పాప తల్లితో కలిసి ఫ్లైఓవర్ కింద ఉంటుంది, సిగ్నల్ దగ్గర బెలూన్లు అమ్ముతుంది. నెలకోసారి వచ్చి, షాపులో మగవాళ్లెవరూ లేనిదాకా పక్కన నిలబడి, "విడిగా ఒక్కటిస్తావా అక్కా" అని అడుగుతుంది. ప్యాడ్ల ప్యాకెట్ మొత్తం ఇస్తే తీసుకోదు. దాచుకునేదానికి చోటు లేదు.

ఇదంతా ఉండగా నేను రాయాలనుకున్నది ఒక అబ్బయ్య గురించి. పేరు రాయను. ఇలాంటి పిల్లల్ని గుర్తుపట్టే వివరాలు బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం, 2015లో ఉంది. లేకపోయినా రాసేదాన్ని కాదు.

దసరా వెళ్లిన వారం. రాత్రి తొమ్మిదిన్నర అయి ఉంటుంది. పదేళ్లుంటాయేమో, కుంటుకుంటూ వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఎడమ పిక్క మీద కుక్క కాటు. కండ కొంచెం చీలింది. ఎవరో పాపం మంచికేననుకుని కాఫీ పొడి అద్దారు. షాపు వెనక కుళాయి దగ్గరకు తీసుకుపోయి సబ్బు పెట్టి పావుగంట కడిగాను. ఇది అందరూ గుర్తుపెట్టుకోండి: కుక్క కాటుకు మొదటి మందు సబ్బు, ధారగా పడే నీళ్లు. కాఫీ పొడి, సున్నం, పసుపు, కారం, ఏదీ వద్దు. బిగించి కట్టు కట్టొద్దు. కడుగుతున్నంతసేపూ వాడు ఏడవలేదు. "ఎంతవుద్దక్కా?" అని మాత్రం నాలుగు సార్లు అడిగాడు.

మా ఆయనకు ఫోన్ చేసి షాపు అప్పజెప్పి ఆటోలో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయాను. చీటీ రాసేచోట పేరు, వయసు, తండ్రి పేరు, ఊరు అడిగారు. నాకు చెప్పిన పేరొకటి, అక్కడ చెప్పింది ఇంకొకటి. తండ్రి పేరు అడిగితే నేల చూశాడు.

ఇంజెక్షన్ గది ముందు బల్ల మీద కూర్చున్నాం. లోపలి నుంచి సిస్టర్ పిలిచింది. "కుక్క కాటు పేషెంట్ తాలూకు ఎవరు?"

మన ఆసుపత్రుల్లో తిరిగిన వాళ్లందరికీ ఈ పిలుపు తెలుసు. మా మామగారికి గుండెపోటు వచ్చినప్పుడు ఈ మాట వినపడగానే ఆరుగురం ఒక్కసారి లేచాం. ఆ రాత్రి నేను లేవలేదు. లేచి సంతకం పెడితే రేపు పోలీసులు అడుగుతారేమో, వీడికేమన్నా అయితే నా మెడకు చుట్టుకుంటుందేమో అని ఆలోచించాను. సిస్టర్ రెండోసారి పిలిచింది. వాడు నా వైపు చూసి, తర్వాత తలుపు వైపు చూసి, తనే గట్టిగా చెప్పాడు. "ఎవురూ లేరు సిస్టర్."

అప్పుడు లేచాను. ఆ పిలుపుకూ ఆ జవాబుకూ మధ్య ఉన్న అర నిమిషం నాకింకా కడుపులో దేవినట్టుంటుంది.

రక్తం వచ్చేలా కరిచింది కాబట్టి చేతికి వేసే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్, అంటే టీకా పనిచేసేలోపు కాపాడే మందు, కూడా పొడవాలి. పెద్దవాళ్లే తట్టుకోలేరు. నా కొంగు నోట్లో కుక్కుకుని కొరికాడు. అప్పుడు చూశాను వాడి పళ్లు. పైవరస పళ్ల మీద గోధుమ రంగు అడ్డగీతలు.

మా పుట్టిల్లు కనిగిరి వైపు. మా తమ్ముడి పళ్లూ అంతే. ఆ ప్రాంతం బోరునీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావని లెక్క. పళ్లు చిగుళ్ల లోపల తయారవుతున్న పసివయసులో ఆ నీళ్లు తాగితేనే ఆ గీతలు పడతాయి, పెద్దయ్యాక వచ్చి తాగినవాళ్లకు పడవు. అందువల్ల పేరు మార్చి చెప్పినా, ఊరు దాచినా, వాడు పాలపళ్లనాడు ఏ నేల నీళ్లు తాగాడో నోరు తెరిస్తే తెలిసిపోతోంది. "మీది కనిగిరి పక్కనా అబ్బయ్యా?" అన్నాను. కొంగు వదిలేసి బిత్తరపోయి చూశాడు. "నీకెట్టా తెలుసు?"

మా తమ్ముడి సంగతి చెప్పాను. ఆ తర్వాత నాతో అబద్ధం ఆడలేదు.

చీటీ మీద తేదీలు రాసిచ్చారు. కుక్క కాటు టీకాల్లో మొదటి రోజును సున్నా అంటారు. అక్కడి నుంచి 3, 7, 28. ఇల్లున్న పిల్లాడికి ఇది క్యాలెండర్ మీద నాలుగు సున్నాలు చుట్టడం. ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియని పిల్లాడికి ఇరవై ఎనిమిదో రోజు అంటే ఏమని చెప్పను? చీటీ వాడి జేబులో పెడితే వానకు తడిసిపోతుంది. నా గల్లా పెట్టెలో పెట్టుకున్నాను.

మూడో రోజు వస్తే గుడ్డు దోసె పెట్టిస్తానన్నాను. వచ్చాడు. ఆసుపత్రిలో గంటన్నర కూర్చున్నాం. ఆ గంటన్నరలో, మళ్లీ ఏడో రోజు కూర్చున్నప్పుడు, పందొమ్మిదేళ్లుగా షాపు ముందు నుంచి పోయే పిల్లల గురించి నాకు తెలియనివెన్నో విన్నాను.

రాత్రిపూట అందరూ ఒకేసారి నిద్రపోరంట. ఒకడు మేలుకుని ఉండాలి. తాగొచ్చిన వాళ్లు, బ్లేడు పట్టుకుని తిరిగే పెద్ద పిల్లలు, ఇంకా చెప్పడానికి మాట రాని పనులు చేసేవాళ్లు. అందుకే వాళ్లు మధ్యాహ్నం ఎర్రటి ఎండలో కూడా చచ్చినట్టు నిద్రపోతుంటారు. మనం చూసి సోమరితనం అనుకుంటాం. డబ్బులుంటే సెకండ్ షోకి పోతారంట. "ఏం సినిమా చూశావు?" అంటే, "చూసేదానికి కాదక్కా, నిద్రబోయేదానికి" అన్నాడు. మూడు గంటలు తలుపులు వేసిన గది, ఎవరూ తన్ని లేపరు.

వచ్చిన డబ్బు ఆ రోజే ఖర్చు పెట్టేస్తారని నేను కూడా విసుక్కున్నదాన్నే. దాచుకోవచ్చు కదా అని. జేబులో రూపాయి ఉంచుకుని నిద్రపోతే లేచేసరికి రూపాయీ ఉండదు, జేబూ ఉండదు, పైగా దెబ్బలు. చీకటి పడేలోపు తినేస్తే కనీసం కడుపులో ఉంటుంది.

'సొల్యూషన్' గురించి అడిగాను. సైకిల్ పంక్చర్లకు వాడే జిగురు, వైట్‌నర్. గుడ్డకు పోసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంటారు. తను రెండుసార్లే పీల్చానన్నాడు. ఎందుకంటే, "ఆకలి తెలీదు, చలి తెలీదు" అన్నాడు. వాటిలో ఉండే టోలూయిన్ లాంటి ద్రవాలు చేసేది సరిగ్గా అదే. మెదడును మొద్దుబారుస్తాయి. అలవాటైన పిల్లలకు ముక్కు చుట్టూ, పెదాల చుట్టూ పొక్కులు, ఎర్రకళ్లు, మాట తడబాటు. ఏ రోజైనా ఒక్క పీల్పుకే గుండె లయ తప్పి అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. మా వీధిలో స్టేషనరీ కొట్టు ఆయనకు ఇది చెప్పినప్పటి నుంచి చిన్న పిల్లలకు వైట్‌నర్ అమ్మడం మానేశాడు. ఆయనకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇక వాడి సొంత కథ. అమ్మానాన్న బెంగళూరులో బిల్డింగ్ పనికి పోయారు. పడమటి ప్రకాశం ఊళ్లలో వానలు లేని ఏడాది తాళాలు వేసిన ఇళ్లే ఎక్కువ, నాకు అది కొత్త కాదు. వాణ్ణి అవ్వ దగ్గర వదిలారు. అవ్వకు చూపు తగ్గాక బాబాయి ఇంటికి మార్చారు. బడి మాన్పించి గొర్రెల వెంట పంపారు. ఒకరోజు రెండు గొర్రెలు తప్పిపోయాయి. చీకటి పడేదాకా వెతికి, ఇంటికి పోతే ఏమవుతుందో తెలిసి, ఇంటికి పోలేదు. బస్సెక్కి, ఎక్కడో దిగి, రైలెక్కాడు. నాకు చెప్పేనాటికి ఐదు నెలలైంది.

"గొర్రె ఎంతుంటదక్కా ఇప్పుడు?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. బోగీలో గొర్రెల కాపరులెవరైనా కనిపిస్తే వాళ్లనూ అడుగుతాడంట.

ఎనిమిదో రోజు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. పది, తొమ్మిది, ఎనిమిది అని పిల్లలకు కూడా గుర్తుండేలా పెట్టిన నంబరు. 1996లో ముంబైలో మొదలైంది, ఇప్పుడు ప్రభుత్వమే నడుపుతోంది. నిజానికి మొదటి రాత్రే చేయాల్సింది. తోడు లేని పిల్లలు కనిపిస్తే తెలియజేయాలని చట్టంలోనే ఉంది. అక్కడి నుంచి 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉండే ఆ కమిటీ పిల్లాడితో మాట్లాడి, బాలల హోమ్‌లో ఉంచాలా, ఇంటికి పంపాలా అన్నది తేలుస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు. హోమ్ అంటే వాడికి భయమని, ఫోన్ చేస్తే పారిపోయి టీకా మానేస్తాడని ఏడో రోజు దాకా ఆగాను. సరైన పనే చేశానని ఇప్పటికీ చెప్పలేను.

వాడికి చెప్పకుండా ఫోన్ చేశాను. ఇది మాత్రం తప్పే.

ఇద్దరు వచ్చారు. బాగానే మాట్లాడారు, భుజం మీద చేయి వేసి పక్కన కూర్చున్నారు. షాపులో ఆ టైంకు ఐదారుగురు నిలబడి ఉన్నారు. నేను కౌంటర్ లోపలి నుంచే టీకా చీటీ ఇచ్చి, ఇరవై ఎనిమిదో రోజు ఏ తేదీనో రెండుసార్లు చెప్పి, మా అబ్బాయి పాత బట్టలు కవర్లో పెట్టిచ్చాను. నేనూ వస్తానని అనలేదు. వెళ్తూ వాడు నా మొహం వైపు చూడలేదు, కౌంటర్ మీదున్న నా ఫోన్ వైపు చూశాడు.

తర్వాత సంగతులు అడిగి తెలుసుకున్నాను. ఇంటి ఆచూకీ దొరికింది. వాడి సొంత జిల్లా వేరు కాబట్టి అక్కడి కమిటీకి పంపారు. తండ్రి బెంగళూరు నుంచి వచ్చి తీసుకుపోయి మళ్లీ అవ్వ దగ్గర దించాడు. మరి టీకా? నిద్ర పట్టక మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ఇరవై ఎనిమిదో రోజు బండేసుకుని ఆ ఊరు పోయి, అబ్బయ్యను వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. సాయంత్రం ఫోన్ చేశాడు. "అయిపోయిందక్కా. తాలూకు ఎవరంటే నేనే అన్నా." అంతే చెప్పి పెట్టేశాడు. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించి ఉండడు.

ఈ సంగతి చెబితే మా అత్తయ్య ఒక మాటన్నారు. "ఆ పిల్లలకు అన్నం పెట్టేవాళ్లు ఉంటారమ్మాయ్, పుట్టినరోజులకు బిర్యానీ పొట్లాలు పంచట్లా? పక్కన నిలబడేవాళ్లే ఉండరు." బిర్యానీ పంచేవాళ్లను నేను తప్పు పట్టను, ఆ పూట ఆకలి ఆ పూటది. ఫొటోలు మాత్రం తీయకండి. ఆ పిల్లాడు ఎవరి దగ్గర్నుంచి తప్పించుకుని వచ్చాడో వాళ్ల ఫోన్‌లోకి ఆ ఫొటో పోదని ఏమిటి నమ్మకం? చేతికి డబ్బులిచ్చే ముందు కూడా ఒకసారి ఆలోచించండి. పిల్లలతో అడుక్కునే పని చేయించేవాళ్లకు ఐదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా అని ఇదే చట్టంలో ఉంది. అంటే అలా చేయించేవాళ్లు ఉన్నారనే కదా.

రొట్టెల పండగ గుర్తొస్తోంది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టెలు మార్చుకునేదానికి లక్షల మంది వస్తారు. కోరికకో రొట్టె. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె. స్టేషన్ పిల్లలకు ఆ పండగ రోజుల్లో తిండికి లోటుండదు. అంత జనంలో పసిపిల్లలు తప్పిపోతుంటారు, మైకులో చెబుతుంటారు. ఎర్ర గౌను వేసుకున్న పాప మా దగ్గరుంది, పాప తాలూకు వాళ్లు ఎక్కడున్నా వెంటనే రావాలి అని. కొన్నేళ్ల కిందట మేం వెళ్లినప్పుడు, నాకు తెలిసిన స్టేషన్ పిల్లాడొకడు ఆ మైకు స్తంభం కింద కూర్చుని కనిపించాడు. రెండు గంటల తర్వాత తిరిగొస్తుంటే ఇంకా అక్కడే ఉన్నాడు. రొట్టెలకు పోలేదా అంటే, "ఇది వినేదానికి బాగుంటదక్కా" అన్నాడు.

ఫిబ్రవరిలో, శివరాత్రికి ముందు. మద్రాసు నుంచి సాయంత్రం పినాకిని ఎక్స్‌ప్రెస్ వచ్చి పోయిన వేళ. దగ్గు మందు అడిగిన పెద్దాయనకు చిల్లర ఇస్తుంటే మెట్టు మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించింది. చూస్తే మా వాడి పాత నీలం చొక్కా. చేతులు పొట్టి అయిపోయాయి.

బయటకు వచ్చి ముందు పిక్క చూశాను. మచ్చ మానింది. కొత్త దెబ్బలు వీపు మీద ఉన్నాయి, చొక్కా పైకెత్తనివ్వలేదు. అవ్వ సంక్రాంతికి ముందే పోయిందంట. మళ్లీ బాబాయి ఇల్లు, మళ్లీ గొర్రెలు.

ఇడ్లీ తెప్పించాను. నాలుగు తిన్నాడు. నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, కౌంటర్ మీదున్న ఫోన్ వైపు చూశాడు.

"చేస్తావా?"

"చేస్తా," అన్నాను. "నీకు చెప్పే చేస్తా. నేనూ నీతో వస్తా. లోపల వాళ్లు అడిగినప్పుడు నీ పక్కన కూర్చుంటా. వీపు సంగతి నువ్వు చెప్పలేకపోతే నేను చెబుతా."

చాలాసేపు మాట్లాడలేదు. లేచి పోతాడేమోనని నేను కదల్లేదు కూడా.

"షాపు?" అన్నాడు.

మా ఆయనకు ఫోన్ చేసి రమ్మన్నాను. ఆయన వచ్చేదాకా ఇద్దరం మెట్టు మీద కూర్చున్నాం.